పెట్టె వెనక పత్తి

అమ్మ జ్ఞాపకార్థ కూడిక అయిపోయింది. వచ్చినవాళ్ళు భోజనాలు చేసి, అమ్మ గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయారు. షామియానా వాళ్ళు కుర్చీలు బండికెక్కిస్తూ ఉండగా మా అన్నయ్య దేవదానం నన్ను ముందు గదిలోకి పిలిచాడు. నల్లపాడులో రైలు పట్టాలకి దగ్గర్లో అన్నయ్య ఇల్లు. ఆ ముందు గదిలోనే అమ్మ చివరిదాకా ఉంది. "మంచం కింద సామాను తీద్దాం రావే సువార్తా, నాకు వంగడం కావట్లేదు" అన్నాడు. నాకేదో అవుతున్నట్టు. మా ఇద్దరి మోకాళ్ళూ ఒకే డాక్టరు చూస్తాడు, ఇద్దరికీ ఒకే మాట చెప్తాడు, ఇద్దరమూ వినం. చివరికి నేల మీద కూలబడి, కూర్చున్నచోటి నుంచే చేతులు చాపి ఒక్కొక్కటీ బయటికి లాగడం మొదలుపెట్టాం. పెద్దక్షరాల బైబిలు, మూత ఊడిన స్టీలు క్యారేజీ, ఒక్కనాడూ సరిగా చెవిన పెట్టుకోని చెవి మిషను, దాని డబ్బాలోనే భద్రంగా. అన్నిటికంటే వెనక, గోడకి ఆనుకుని, పాత చీరతో కుట్టిన గలీబు తొడుక్కుని, ఆ పెట్టె.

"ఇంకా ఉందా ఇది?" అన్నాను. అన్నయ్య దాన్ని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. గలీబు మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

పెట్టె అంటే మరేం కాదు, యాంప్లిఫయరు. అన్నయ్య వయసులో ఉన్నప్పుడు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవాడు. ఆ గిటారు తీగ దీనికి తగిలిస్తే పందిరి అవతలిదాకా వినపడేది. నల్ల రెక్సిను అంటించిన చెక్క పెట్టె, ముందు గుడ్డ వెనక స్పీకరు, పైన తిప్పే నాబులు, వెనక రేకుకి గాలి ఆడటానికి సన్నటి చీలికలు. గిటారు వాయించే ఇంట్లో అలాంటిది ఉండటం వింత కాదు. చెవుడున్న ముసలమ్మ మంచం కింద ఇన్నేళ్ళు గలీబు తొడుక్కుని ఉండటమే వింత. ఎవరన్నా అడిగితే అమ్మ "ఉండనీ" అనేది, అంతకు మించి చెప్పేది కాదు. అదెందుకు ఉందో రాయాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. అమ్మ బతికుండగా రాయకూడదని ఆగాను. అలా ఆగి ఏం సాధించానో ఇవాళ తెలిసింది.

ముందు మా నాన్న గొంతు గురించి చెప్పాలి. నల్లపాడు అవతల, నల్లరేగడి పొలాల మధ్య మా ఊరు. అక్కడి బడిలో నాన్న మాస్టారు, చర్చిలో సంఘ పెద్ద. పగలు ఎక్కాలు, ఆదివారం కీర్తనలు, రెండూ ఒకే గొంతుతో. హార్మోనియం ఆయన ఇంకా సర్దుకుని కూర్చోకముందే నాన్న పాట ఎత్తుకునేవాడు. ఆ వాయించే ఆయన నాన్న శ్రుతి ఎక్కడుందో వెతుక్కుంటూ రెండో చరణానికి గానీ అందుకునేవాడు కాదు. ఇంటికొస్తే ఆ గొంతు ఇంకాస్త పైకి వెళ్ళేది, ఎందుకంటే మా అమ్మకి చెవుడు. చిన్నప్పుడు వచ్చిన జ్వరంలో పోయాయట చెవులు. పూర్తిగా కాదు, దగ్గర నిలబడి గట్టిగా అరిస్తే వినిపించేది. అందుకని పెళ్ళైన రోజు నుంచీ నాన్న అమ్మతో అరిచే మాట్లాడాడు. ముద్దుగా మాట్లాడినా అరుపే, కోప్పడినా అరుపే. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు, మాస్టారు రోజూ పెళ్ళాన్ని తిట్టిపోస్తాడని అనుకునేవాళ్ళు. తీరా ఆగి వింటే అది "మరియమ్మా, వంకాయ కూర బాగా కుదిరిందే" అని ఉండేది. మధ్యాహ్నం మా ఇంట్లో పప్పులో ఉప్పు తగ్గితే, సాయంత్రం బోరింగు దగ్గర నలుగురు అమ్మని పరామర్శించేవాళ్ళు. గుసగుసలాడటం అంటే ఏమిటో మా ఇంట్లో మాకు తెలియదు.

చలి తగ్గే రోజులకి మా ఊరంతా ఎర్రబడేది. కళ్ళాల్లో మిరపకాయలు, డాబాల మీద మిరపకాయలు, రోడ్డు మీద కూడా ఆరబోసిన మిరపకాయలే. ఎదురింటి మస్తాన్‌బీ వాకిట్లో ఆడవాళ్ళు గుంపుగా కూర్చుని కాయలకి తొడిమలు తీసేవాళ్ళు, అమ్మ కూడా వాళ్ళతోపాటే. పొద్దు వాలేసరికి వేళ్ళు భగభగ మండేవి. మజ్జిగలో ముంచుకుని, పైన ఆముదం రాసుకుని, ఆ చేతులు ఒళ్ళో పెట్టుకుని కాసేపు కదలకుండా కూర్చునేది. ఆ చేత్తో పొరపాటున కన్ను నలుపుకున్నామా, ఇక ఆ రోజుకి అంతే. రాలిన తొడిమలు ఊడ్చి కుప్ప చేసి దిబ్బ మీద పోయడం ఎప్పుడూ అమ్మ పనే. చెవుడున్న మనిషికి మాటల మధ్య కూర్చోవడం కంటే చీపురు పట్టుకోవడం హాయి అనుకుంటాను. ఇంట్లోకి వచ్చేసరికి చీర కొంగులో ఘాటు ఆమెతోపాటే వచ్చేది. ఒకరి తర్వాత ఒకరం తుమ్మేవాళ్ళం. నాన్న తుమ్ము కూడా పాటంత పెద్దగా ఉండేది.

సాయంత్రాలు నాన్న ఏకాంత ప్రార్థన చేసుకుంటానని పెరట్లో పత్తి కట్టె వామి వెనక్కి వెళ్ళేవాడు. వచ్చేటప్పుడు నోట్లో లవంగం ఉండేది. ఆదివారం బడిలో మాకు పొగాకు సైతాను ఆకు అని చెప్పే పెద్దమనిషి, వామి వెనక కూర్చుని చుట్ట తాగుతాడని నాకూ అన్నయ్యకూ తెలుసు. మేం నవ్వుకునేవాళ్ళం. బయటికి ఎప్పుడూ అనలేదు, నాన్న పరువు మా పరువే కదా. అమ్మకి తెలియదని మాత్రం మా గట్టి నమ్మకం.

ఆ గొంతులోనే పుండు లేచింది. మొదట బొంగురు, తర్వాత నొప్పి, తర్వాత గుంటూరు ఆసుపత్రి, కోత. మెడకి కట్టుతో ఇంటికొచ్చిన నాన్నకి మాట లేదు. పెదవులు కదిలేవి, వాటి మధ్య నుంచి గాలి లాంటిది ఏదో వచ్చేది, చెవి నోటికి ఆనిస్తే నాకు అర్థమయ్యేది. అమ్మకి ఎలా అర్థమవుతుంది? అరిస్తే తప్ప వినపడని మనిషి ఒకరు, అరవలేని మనిషి ఒకరు, ఒకే మంచం పక్కన ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. రాసి చూపిద్దామంటే అమ్మకి చదువు రాదు. నాన్న పలక మీద రాస్తే నేను చదివి అమ్మ చెవిలో అరవాలి. మంచినీళ్ళు, దిండు, కిటికీ అనే మాటలైతే నేను అరిచాను. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేవి అవే అయితే ఏ గొడవా లేకపోను.

అమ్మ ఎవరికీ చెప్పకుండా తనలో తను ఒకటి తేల్చేసుకుంది. ఆ పుండు మిరప ఘాటు వల్లే వచ్చిందని, ఆ ఘాటు రోజూ కొంగున కట్టుకొచ్చింది తనేనని. "నేనే తెచ్చి పెట్టాను మీ నాన్నకి" అని నా దగ్గర ఒకసారి అంది. కాదంటే వినదు, విననట్టు నటిస్తుంది. ఆ రోజు నుంచి ఎదురింటి వాకిలి తొక్కి ఒక్క తొడిమ తీయలేదు, ఊడ్చిపెట్టడానికి మాత్రం వెళ్ళొచ్చేది. కానీ ఊరంతా మిరపకాయలైతే ఒక్క మనిషి మానుకుని లాభమేంటి? ఏ గాలి వీచినా అందులో ఘాటే. అందుకని పత్తి పట్టుకుంది. ఇంట్లో ఎక్కడ సందు కనపడితే అక్కడ చేటలోంచి ఇంత పత్తి తీసి కూరేది. కిటికీ రెక్కల మధ్య, తలుపు చెక్కల మధ్య, పెంకుల కింద. తాళం చెవి దూర్చే కన్నంలో కూడా పత్తే. లోపల ఉక్కపోసి మేం చచ్చిపోతున్నా ఒక్క పోగు తీయనిచ్చేది కాదు.

పెట్టె ఆలోచన అన్నయ్యది. ఒక మధ్యాహ్నం ఆర్కెస్ట్రా వాళ్ళ మైకొకటి పట్టుకొచ్చి, గిటారు తగిలించే చోట దాన్ని తగిలించి, నాన్న పెదవుల దగ్గర పెట్టాడు. "ఏదో ఒకటి అను నాన్నా" అన్నాడు. నాన్న పెదవులు కదిలాయి. గది నిండా, గుమ్మం దాటి, వీధి నిండా, "మరియమ్మా, కాస్త మజ్జిగ" అని వినిపించింది. నాన్న పాత గొంతు కాదది, గరగరలాడే గాలి. కానీ మాట. అమ్మ వంటింట్లోంచి చెంబుతో పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎదురింటి మస్తాన్‌బీ వాకిట్లోంచి "మాస్టారు మజ్జిగ అడిగాడమ్మోయ్, ఇవ్వండి త్వరగా" అని కేకేసింది. ఆ రోజు మేమందరం నవ్వాం, నాన్న కూడా మెడ పట్టుకుని నవ్వాడు. అప్పటి నుంచి ఇద్దరి కబుర్లూ మళ్ళీ మొదలయ్యాయి. అమ్మ స్పీకరు పక్కన చతికిలబడి చెవి దానికి ఆనించేది, నాన్న మంచం మీంచి మైకులో మాట్లాడేవాడు. ఏముండేవి మాటలు? ఫలానా బర్రె ఈనిందా, ఫలానా వాళ్ళ పత్తి పూత రాలిందా, అంతే. నాకు మాత్రం మళ్ళీ ఇల్లు ఇల్లులా అనిపించింది.

అలాంటి ఒక పూట నాన్న చాలాసేపు పైకప్పు వైపు చూస్తూ ఉండి, మైకు దగ్గరికి తీసుకుని, "మరియమ్మా, నేను పోయాక నువ్వు" అన్నాడు. అంతే, పెట్టె చచ్చిపోయింది. చిన్న ఎర్ర దీపం ఆరిపోయింది. నాన్న పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి, తను చెప్పేది చెప్తూనే ఉన్నాడు, అందులో ఒక్క అక్షరం బయటికి రాలేదు. "పోయాక? పోయాక నేనేంటి? ఏమండీ, వినపడలా" అంటూ అమ్మ స్పీకరుని రెండు చేతులా పట్టుకుంది. నేను పరిగెత్తి నాన్న నోటికి చెవి ఆనించాను. నాన్న ఆగిపోయాడు. పలక ఇచ్చాను. బలపం పట్టుకుని నా మొహం చూసి, తల అడ్డంగా ఊపి, పలక తిరిగి ఇచ్చేశాడు. అది నా నోటి మీదుగా వెళ్ళాల్సిన మాట కాదట. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. కన్నకూతురికి చెప్పకూడని మాటేమిటి, అదీ ఈ స్థితిలో?

స్థితి అంటే, డాక్టర్లు ఇక ఇంటి దగ్గరే ఉంచుకోండి అనేశారు. జావ గొంతు దిగడం లేదు. మనిషి రోజుకింత చొప్పున తరిగిపోతున్నాడు, మాకు కనపడుతూనే ఉంది. అమ్మ మాత్రం నాన్న పక్కన కూర్చోవడం మానేసి పెట్టె పక్కన కూర్చుంది. దాన్ని తట్టేది, నిమిరేది, మళ్ళీ తట్టేది. "ఇది బాగుచేయరా దానం, నీకు దణ్ణం పెడతాను" అని కన్నకొడుకుకి చేతులు జోడించింది. అన్నయ్య ఆ పెట్టెని సైకిలు మీద కట్టుకుని గుంటూరు వెళ్ళి, రేడియోలు బాగుచేసే ఆయనకి చూపించాడు. వదిలిపెట్టి వెళ్ళు, సామాను మద్రాసు నుంచి రావాలి, వారం పది రోజులు పడుతుంది అన్నాడట. వారం అనే మాట వినగానే అన్నయ్య మళ్ళీ దాన్ని సైకిలుకి కట్టేసుకున్నాడు. అక్కడే ఫ్యూజులు మాత్రం నాలుగు అడిగి తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి వాకిట్లో దించాడు.

వాయించడం వచ్చినవాడికి విప్పడం రావాలని ఏముంది? అన్నయ్యకి గిటారు నుంచి పెట్టెకి వచ్చే తీగ తెగితే సీసంతో అతికించుకోవడం వరకే వచ్చు. తెచ్చిన ఫ్యూజు వేస్తే టప్పున పోయింది. ఇంకొకటి వేస్తే అదీ పోయింది. మూడోది వేయబోతుంటే చెయ్యి ఆపి, ఊళ్ళో అందరూ చేసే పనే చేశాడు. సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మాడిన ఫ్యూజుకి చుట్టి బిగించాడు. స్విచ్చి వేయగానే లోపలి నుంచి పొగ, రబ్బరు కాలిన వాసన. నేను ప్లగ్గు పీకేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "ఫ్యూజు ఎందుకు పోతుందో చూడకుండా కాగితం చుట్టేదేంటి, ఉన్నది కాస్తా తగలబెడతావా?" అన్నాను. "నువ్వు విప్పు మరి, అంత తెలిసినదానివి" అన్నాడు. అన్నయ్య కళ్ళల్లో నీళ్ళు. వెంటనే స్క్రూడ్రైవరు వెతికాను.

వెనక రేకు స్క్రూలు ఒక్కొక్కటే తీశాం. ఎక్కడిది అక్కడ పెట్టుకోవాలని వాటిని వరసగా పీట మీద పేర్చాను. రేకు కదిలించగానే అన్నయ్య స్క్రూడ్రైవరు లోపల దేనికో తగిలి ఫట్‌మని మెరుపు, అన్నయ్య వెనక్కి పడ్డాడు. ప్లగ్గు పీకినా లోపలున్న లావుపాటి కెపాసిటర్లలో కరెంటు దాక్కుని ఉంటుందని అలా తెలిసింది. ఆ తర్వాత ఒక చెయ్యి వీపు వెనక పెట్టుకుని, ఎండు కట్టె పుల్లతోనే ముట్టుకున్నాం. రేకు పూర్తిగా ఊడొచ్చింది. దాన్ని తిరగేసి లోపలి వైపు చూశాం. గాలి కోసం ఉన్న చీలికలన్నిటిలో పత్తి. ఒక్క సందు వదలకుండా, పుల్లతో పొడిచి పొడిచి, ఎంతో ఓపికగా కూరిన పత్తి. బయటి వైపు కారపు దుమ్ముతో ఎర్రబడి, చూస్తే దుమ్ము పట్టిన చీలికల్లాగే ఉంది. లోపలి వైపు మాడి నల్లగా ఉంది. గాలి ఆడక లోపలంతా ఉడికిపోయి, ట్రాన్స్‌ఫార్మరు నుంచి వచ్చే తీగ తొడుగు కరిగి, ఆ తీగ ఇనప చట్రానికి అతుక్కుంది. ఫ్యూజులు అందుకే పోతున్నాయి.

అమ్మ చేసిన పని అది. మాట్లాడేటప్పుడు నాన్న మొహం ఆ పెట్టె పక్కనే ఉంటుంది కదా, దాని వెనకున్న చీలికల్లోంచి కూడా ఘాటు వస్తుందేమోనని కూరింది. పత్తి తన పని తాను సరిగ్గానే చేసింది, ఒక్క రవ్వ కారం లోపలికి పోలేదు. నాన్న నోరు మాత్రం మూసేసింది. అన్నయ్య ఆ పత్తి గుప్పెట్లో పట్టుకుని, "ఈ అమ్మకి ఏం చెప్పాలే, ఏమని చెప్పాలి" అంటూ లేచాడు. మంచం మీంచి చప్పట్లు వినపడ్డాయి. నాన్న చూస్తూనే ఉన్నాడు, పత్తి చూశాడు, అంతా అర్థమైంది. నన్ను రమ్మని చెయ్యి ఊపాడు. నోటికి చెవి ఆనించాను. "అమ్మకి చెప్పొద్దు" అన్నాడు. కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ, "ఎప్పుడూ" అన్నాడు. అమ్మ అప్పుడు బోరింగు దగ్గరికి వెళ్ళి ఉంది. నేను ఆ పత్తంతా ఒళ్ళో వేసుకుని వీధి దాటి, మస్తాన్‌బీ వాకిట్లో పోగేసి ఉన్న తొడిమల కుప్పలో అడుగున దూర్చి వచ్చాను.

ఇక అతకాలి. ఈలోగా కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో దాని ఇష్టం. సీసం కరిగించే సోల్డరింగ్ కడ్డీ వేడెక్కాలంటే కరెంటు కావాలి. నాన్న ఊపిరి చూస్తుంటే కరెంటు వచ్చేదాకా ఆగే ధైర్యం ఇద్దరికీ లేదు. పత్తి కట్టె నిప్పులు గట్టిగా ఉంటాయని పొయ్యి రాజేసి, కడ్డీ మొన ఆ నిప్పుల్లో దూర్చాను. ఎర్రబడగానే పరిగెత్తుకుంటూ తెచ్చి ఇచ్చేదాన్ని, అన్నయ్య అతికేలోపు చల్లారిపోయేది, మళ్ళీ పరుగు. అన్నయ్య సీసం ఎక్కడెక్కడో పడేసేవాడు. "ప్రభువా, ఒక్కసారి, ఒక్కసారి చాలు" అని పైకే అంటున్నాడు. నాకు ప్రార్థన రాలేదు, ఏడుపు వచ్చింది. నాన్న ఇంకో గంట ఉంటాడో లేదో, చెప్పాల్సింది చెప్పకుండా పోతే అమ్మ జన్మంతా ఆ సగం మాట పట్టుకుని కూర్చుంటుందని ఒకటే భయం. చివరికి ఎలాగో అతుక్కుంది. కరిగిన తొడుగు స్థానంలో సైకిలు ట్యూబు ముక్క చుట్టి దారంతో కట్టాం. మూడో ఫ్యూజు వేశాం. రేకు బిగించాం. ఇక కరెంటు రావాలి.

అమ్మ వచ్చి బిందె దించి మా మొహాలు చూసింది. బాగైంది అని సైగ చేశాను. చెయ్యి కూడా తుడుచుకోకుండా స్పీకరు దగ్గర కూర్చుంది. నాన్నకి మైకు పట్టుకునే శక్తి లేదు, అన్నయ్య పట్టుకున్నాడు. అలా ఎంతసేపు కూర్చున్నామో నాకు తెలియదు. నాన్న కళ్ళు మూసుకున్నప్పుడల్లా నేను లేచి ఛాతీ చూసేదాన్ని. ఎండ గోడ దిగింది. వీధిలో ఎవరింట్లోనో రేడియో మోగింది, అంటే కరెంటు వచ్చింది. అన్నయ్య స్విచ్చి వేశాడు. ఎర్ర దీపం వెలిగింది, పెట్టె గుయ్‌మంది. నాన్న కళ్ళు తెరిచాడు.

"మరియమ్మా" అన్నాడు. ఎదురు వాకిట్లో తొడిమలు తీస్తున్న చేతులు ఆగిపోవడం గుమ్మంలోంచి నాకు కనపడింది. "నేను పోయాక నువ్వు ఆ మిరపకాయల్ని తిట్టుకోకు. నిన్ను నువ్వు తిట్టుకోకు. నా గొంతు పాడుచేసింది నీ కొంగులో ఘాటు కాదు. నేను చుట్ట తాగాను. వామి వెనక కూర్చుని, ఇన్నేళ్ళూ తాగాను. నీకు అబద్ధం చెప్పాను." సంఘ పెద్ద, బడి మాస్టారు, పిల్లల ముందు పలక మీద కూడా రాయలేకపోయిన మాట, వీధి వీధంతా వినేటట్టు చెప్పాడు. అమ్మ స్పీకరు మీంచి చెవి తీసి, నాన్న వైపు తిరిగి, "తెలుసు" అంది. "నాకు చెవుడు చెవులకి, ముక్కుకి కాదుగా." నాన్న నవ్వబోయాడు, అది దగ్గైంది. అమ్మ లేచి వెళ్ళి ఆయన మెడ కింద చెయ్యి పెట్టి పట్టుకుంది.

ఆ తర్వాత రెండో రోజు పొద్దున నాన్న పోయాడు. పెట్టె వెలుగుతూనే ఉంది, ఎవరూ ఆపలేదు. సమాధి కార్యక్రమం నుంచి వచ్చాక అమ్మ చీపురు కూడా ముట్టుకోకుండా ముందు కిటికీల దగ్గరికి వెళ్ళి పత్తంతా పీకేసింది. తలుపు సందుల్లోది, పెంకుల కిందది, తాళం కన్నంలోది కూడా. ఇక ఎవరి కోసం అనుకుందేమోనని నేను అనుకున్నాను. ఆ ఏడాది తర్వాత అన్నయ్య ఆర్కెస్ట్రా మానేశాడు, రైల్వేలో చేరాడు. పెట్టెని అమ్మ తన మంచం కిందికి నెట్టుకుంది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, గలీబు మాత్రం నెలకోసారి ఉతికి ఆరేసేది. నేను జీతంతో చెవి మిషను కొనిచ్చాను. ఒకసారి పెట్టుకుని చూసి, "అందరి మాటా వినపడుతోంది, ఎందుకిది" అని తీసి డబ్బాలో పెట్టేసింది.

ఇప్పుడు మా చర్చిలో స్పీకర్లు గోడకి బారుగా వేలాడతాయి. పాట మొదలైతే గుండె అదురుతుంది, పక్కవాళ్ళ పాట వినపడదు. అన్నయ్య ఇంట్లో కొడుకూ కోడలూ ఒకే గదిలో కూర్చుని ఒకరికొకరు ఫోనుల్లో టైపు చేసుకుంటారు. ఏదన్నా పాడైతే విప్పరు, కొత్తది తెప్పిస్తారు. వాళ్ళనని ఏం లాభం? నేనూ అన్నయ్యా ఒకే ఊళ్ళో ఇన్నేళ్ళు ఉన్నాం. ఆ పత్తి గురించి ఒక్కసారీ మాట్లాడుకోలేదు. అమ్మ పక్క గదిలో ఉంటుంది, ఆమెకి వినపడదు, అయినా మాట్లాడలేదు. నాన్న వద్దన్నాడు కాబట్టి అనుకునేవాళ్ళం. దగ్గరకెళ్ళి అమ్మా నీ తప్పు కాదు అని చెప్పాలంటే ముందు అది నీ వల్లే అయిందని చెప్పాలి. అది మా వల్ల కాలేదు.

"పనిచేస్తుందంటావా?" అని అన్నయ్య గలీబు ముడి విప్పాడు. పెట్టెని నేల మీద అటు తిప్పాడు. వెనక రేకు చూసి నేను కళ్ళజోడు సర్దుకున్నాను. చీలికల మీద నీలం దోమతెర గుడ్డ. సరిగ్గా కొలిచి కత్తిరించి, చుట్టూ మైదా జిగురుతో అంటించి ఉంది. దాని కింద అంచుల్లో పాత జిగురు పొరలు, పొరలు. ఆ తెర నాకు తెలుసు. మొన్న వానాకాలం అమ్మకి నేనే కొనిచ్చాను. మూల చిరిగి ఉందేంటమ్మా అని అడిగితే, "ఎలక కొరికింది" అంది. ఎలకల మందు కూడా తెచ్చి పెట్టాను.

అన్నయ్య దానిమీద వేలు పెట్టి రాస్తూ, "గాలి ఆడేటట్టు వేసిందే" అన్నాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం.

"ఎవరు చెప్పారు అమ్మకి? నువ్వేనా?" అన్నాడు.

"నేను చెప్పలేదు. నువ్వు?"

"ఎప్పుడూ చెప్పొద్దని నాన్న అన్నాడు కదే. నేనెందుకు చెప్తాను?"

నాకు అప్పుడు తొడిమల కుప్ప గుర్తొచ్చింది. నేను పత్తి దాచిన ఆ కుప్పని రోజూ ఊడ్చి ఎత్తే మనిషి ఎవరు? అమ్మ. ఆ సాయంత్రమో మర్నాడో ఎత్తి ఉంటుంది. ఒక పక్క ఎర్రగా, ఒక పక్క నల్లగా మాడిన పత్తి, తన చేత్తో ఉండచుట్టి కూరిన పత్తి చూసుకుని ఉంటుంది. అమ్మకి ఎవరూ ఏదీ చెప్పనక్కర్లేదు, ముందు నుంచీ అంతే. నిన్ను నువ్వు తిట్టుకోకు అని నాన్న వీధంతా వినేలా చెప్పిన మాట వింది, ఆ మాట పక్కనే ఈ పత్తిని పెట్టుకుని ఇన్నేళ్ళు బతికింది. మాకు తెలుసని ఆమెకి తెలుసు. బాధపడతామని మాకు తెలియనివ్వలేదు. పత్తి ఏం చేసిందో తెలిసే ఆ రోజు ఇంట్లో పత్తంతా పీకేసింది. ఎవరూ మాట్లాడని పెట్టెకి ఊపిరాడాలని ముసలి చేతులతో దోమతెరలు కత్తిరించింది. నేను అక్కడే ఏడ్చాను. దాచుకోవడానికి ఎవరున్నారు, అన్నయ్య తప్ప.

అన్నయ్య తీగ చివర పట్టుకుని గోడ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాడు. "వద్దన్నయ్యా, పాతది, ఏదన్నా అవుతుంది" అన్నాను. వినలేదు. స్విచ్చి వేశాడు. ఎర్ర దీపం వెలగలేదు, దాని ఆయుష్షు అయిపోయినట్టుంది. కాసేపటికి స్పీకరు లోపల నుంచి సన్నగా గుయ్‌మని మొదలైంది, ఆ రోజు నాన్న కళ్ళు తెరిచే ముందు వినిపించినట్టే. తగిలించడానికి మైకు లేదు. ఉన్నా ఏం మాట్లాడతాం, వినాల్సిన మనిషి లేదు. ఇద్దరం అలాగే నేల మీద కూర్చుని ఆ చప్పుడు విన్నాం. అన్నయ్య పెట్టె వెనక్కి చెయ్యి పోనిచ్చి, ఆ దోమతెర మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు.

"వెచ్చగా తగులుతోందే," అన్నాడు. "గాలి బాగా ఆడుతోంది."